లోటు తెలిశాకే మాత్ర

ఏ ఊళ్లోనైనా సాయంత్రం పూట మందుల షాపు దగ్గర కాసేపు నిలబడితే ఎవరో ఒకావిడ ఈ మాట అనడం వినపడుతుంది: "అన్నా, ఒకటే నీరసంగా ఉంటోంది. బలానికి ఏదైనా మంచి మాత్ర ఇవ్వు." షాపతను చూడకుండానే వెనక అరలో చెయ్యి పెట్టి ఒక మల్టీవిటమిన్ స్ట్రిప్ తీసి బిల్లు కొడతాడు. ఆవిడకు నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందా, థైరాయిడ్ మాత్ర వేసుకుంటోందా, షుగర్ ఉందా, రాత్రిళ్లు నిద్ర పడుతోందా అని అడిగే తీరిక అతనికి ఉండదు. నలుగురిలో అవన్నీ చెప్పుకునే వీలు ఆవిడకూ ఉండదు.

అదే సాయంత్రం అదే నీరసంతో ఐదుగురు వస్తారనుకోండి. కాలేజీ అమ్మాయికి ఐరన్ తక్కువ. పదేళ్లుగా షుగర్ మాత్ర వేసుకుంటున్న రిటైర్డు మాస్టారికి బి12 తక్కువ. ముగ్గురు పిల్లల తల్లికి థైరాయిడ్ మందగించింది. నైట్ షిఫ్టుల కుర్రాడికి నిద్ర చాలడం లేదు. ఐదో మనిషి భర్త పోయి ఆరు నెలలైన ఒంటరి స్త్రీ, ఆమెది దిగులు. ఐదుగురూ ఒకే స్ట్రిప్ పట్టుకుని ఇంటికెళతారు. మొదటి ఇద్దరికి అందులో ఉన్న మోతాదు చాలదు. మిగతా ముగ్గురికి దానితో పనే లేదు. అసలు నష్టం ఏమిటంటే, ఏదో ఒకటి వాడుతున్నాం కదా అన్న భరోసాతో ఐదుగురూ మరో ఆరు నెలలు డాక్టరు గడప తొక్కరు.

అందుకే సప్లిమెంటు ఎంచుకోవడం షాపులో మొదలుకాకూడదు. ముందు మూడు ప్రశ్నలకు జవాబు దొరకాలి. నాకు ఏది తక్కువైంది? ఎందుకు తక్కువైంది? దాన్ని పూడ్చడానికి ఎంత మోతాదు, ఎన్నాళ్లు? వీటిలో రెండోది మనం దాదాపు ఎప్పుడూ అడగం. ఈ అధ్యాయంలో నేను ఎక్కువ పట్టుబట్టేది దాని గురించే.

భీమవరం నుంచి ఒక పాఠం

విటమినే కదా, పనికొస్తే వస్తుంది, రాకపోతే ఒంట్లోంచి పోతుంది అని చాలామంది నమ్మకం. అది ఎంత తప్పో మన యల్లాప్రగడ సుబ్బారావు గారి పరిశోధనే చెబుతుంది. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన ఇద్దరు అన్నదమ్ములను స్ప్రూ అనే పేగుల వ్యాధి బలి తీసుకుంది. తిన్నది ఒంటబట్టక, విరేచనాలతో మనిషి చిక్కిపోయి, రక్తం తగ్గిపోయే జబ్బు అది. ఆయనకూ వచ్చింది కానీ బతికి బయటపడ్డారు. తర్వాత అమెరికా వెళ్లి, 1940లలో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఫోలిక్ యాసిడ్‌ను ప్రయోగశాలలో తయారుచేసింది ఆయన బృందమే. అంతకు ముందు 1930 ప్రాంతంలో బొంబాయిలో లూసీ విల్స్ అనే ఇంగ్లండు వైద్యురాలు గర్భిణుల్లో ఒక రకం రక్తహీనత ఈస్టు సారంతో తగ్గుతుందని చూపింది. ఆ సారంలో ఉన్న గుణమేమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. ఆ తెలియని పదార్థమే ఫోలిక్ యాసిడ్.

కొత్త విటమిన్ చేతికి రాగానే దాన్ని రకరకాల జబ్బుల్లో వాడి చూశారు. బోస్టన్‌లో పిల్లల ఆసుపత్రి పాథాలజిస్టు సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఆ జాతి మందులు ఇచ్చి చూస్తే, జబ్బు తగ్గకపోగా మరింత వేగం పుంజుకుంటున్నట్టు ఆయనకు కనిపించింది. విటమిన్ క్యాన్సర్ కణాలకు కూడా మేత అవుతోంది. అయితే ఆ విటమిన్‌కు అడ్డుపడే మందు కావాలి అనుకున్నారు. సుబ్బారావు గారి బృందమే అమినాప్టెరిన్ తయారుచేసి పంపింది. 1948లో ఫార్బర్ దానితో కొందరు పిల్లల్లో జబ్బును తాత్కాలికంగా వెనక్కి నెట్టగలిగారు. ఆ కుటుంబంలోదే మెథోట్రెక్సేట్. ఈ రోజు కీళ్లవాతానికి వారానికి ఒకసారి మెథోట్రెక్సేట్ వేసుకునేవాళ్లకు డాక్టర్లు వేరే రోజున ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు. ఒకే ప్రయోగశాలలో పుట్టిన విటమిన్, దాని విరుగుడు ఇప్పుడు ఒకే చీటీ మీద ఉంటున్నాయి. ఏ రోజు ఏది వేసుకోవాలో తారుమారు చేస్తే ప్రమాదం. ఆ చీటీ ఉన్నవాళ్లు దయచేసి మళ్లీ ఒకసారి జాగ్రత్తగా చదువుకోండి.

ఇలాంటి అనుభవాలు తర్వాత కూడా ఎదురయ్యాయి. ఫిన్లాండులో ఇరవై తొమ్మిది వేల మందికి పైగా పొగతాగే మగవాళ్ల మీద జరిపిన అధ్యయనం ఫలితాలు 1994లో వచ్చాయి. క్యారెట్లకు రంగునిచ్చే బీటా కెరోటిన్‌ను మాత్రగా తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చింది. అమెరికాలో పాతిక వేల మందికి పైగా రోజూ విటమిన్ డి ఇచ్చి చూసిన వైటల్ అధ్యయనంలో, లోటు ఉందా లేదా అని ఏరకుండా అందరికీ ఇస్తే ఎముకలు విరగడం తగ్గలేదని 2022లో తేలింది. లోటున్నవాళ్లకు విటమిన్ ఇస్తే కలిగే మేలు, లోటు లేనివాళ్లకు కలగదు. కొందరికి కీడు కూడా జరుగుతుంది.

అరికాళ్ల మంటలు, బి12

ఇప్పుడు ఇందాకటి మాస్టారి దగ్గరకు వద్దాం. అరికాళ్లు మండుతున్నాయి, వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయి. నేల మీద నడుస్తుంటే దూది మీద నడిచినట్టుందంటారు. ఇంట్లో అందరూ షుగర్ వల్లే అంటారు. షుగర్ వల్ల కూడా నరాలు దెబ్బతింటాయి కాబట్టి ఆ మాట తేలిగ్గా నమ్మబుద్ధవుతుంది. కానీ షుగర్‌కు ఎక్కువగా వాడే మెట్‌ఫార్మిన్ కూడా ఏళ్లు గడిచేకొద్దీ బి12 ఒంటబట్టకుండా అడ్డుకుంటుంది. దాని పక్కనే పొద్దున్నే పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్ర ఉంటుంది. పాంటప్రజోల్, ఒమెప్రజోల్ రకాలు కడుపులో ఆమ్లాన్ని తగ్గిస్తాయి, ఆహారంలోని బి12 విడివడడానికి ఆ ఆమ్లమే కావాలి. పైగా మాస్టారు శాకాహారి. బి12 మొక్కల్లో ఉండదు. పాలు, పెరుగు, గుడ్లు, చేపలు, మాంసంలోనే ఉంటుంది. మూడు కారణాలు ఒక్క మనిషిలో కలిశాయి.

బ్రిటన్‌లో మందుల నియంత్రణ సంస్థ 2022లోనే మెట్‌ఫార్మిన్ వాడేవారిలో లోటు లక్షణాలు కనిపిస్తే బి12 పరీక్షించమని డాక్టర్లకు చెప్పింది. మీ ఇంట్లో నాలుగైదేళ్లుగా ఆ మాత్ర వాడుతున్న పెద్దవాళ్లుంటే, తర్వాతిసారి షుగర్ పరీక్షకు వెళ్లినప్పుడు బి12 కూడా చూడమని అడగండి. లోటు ఉన్నా షుగర్ మాత్రను సొంతంగా ఆపొద్దు. మాత్ర వాడుతూనే బి12 పూడ్చుకోవచ్చు.

మోతాదు చూసి కొందరు భయపడతారు. రోజుకు మనకు కావాల్సింది రెండు, రెండున్నర మైక్రోగ్రాములైతే మాత్రలో 1500 ఉంటుందేమిటని. కడుపులో తయారయ్యే ఒక ప్రొటీన్ బి12ను పట్టుకుని పేగు గోడ దాటిస్తుంది. అది ఒక విడతకు రెండు మైక్రోగ్రాముల వరకే మోయగలదు. మిగిలినదానిలో నూటికి ఒక వంతు మాత్రం దానంతటదే లోపలికి ఇంకుతుంది. 1500లో నూటికి ఒక వంతు అంటే 15. ఆ ప్రొటీన్ తయారవని జబ్బున్నవాళ్లకు కూడా పెద్ద మోతాదు మాత్ర పనిచేయడానికి కారణం ఇదే. లోటు తీవ్రంగా ఉండి నరాలు దెబ్బతింటుంటే డాక్టర్లు ఇంజెక్షన్లతో మొదలుపెడతారు. అప్పుడు మాత్రలతో సరిపెట్టుకోవద్దు. ఆలస్యమైతే నరాలు పూర్తిగా కోలుకోకపోవచ్చు.

ఇంకో సంగతి. బి12 లోటున్న మనిషి ఫోలిక్ యాసిడ్ ఒక్కటే వాడితే రక్తం మెరుగుపడుతుంది, రిపోర్టు బాగుంటుంది, లోపల నరాల నష్టం మాత్రం కొనసాగుతుంది. రక్తం తక్కువ అన్నారని ఎవరో చెప్పిన ఫోలిక్ యాసిడ్ కొనుక్కుని ఏళ్ల తరబడి వాడే పెద్దవాళ్లకు ఈ ప్రమాదం ఉంది.

రక్తం తక్కువైతే

2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉన్నట్టు తేలింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనూ దాదాపు అదే పరిస్థితి. ఇన్ని ఇళ్లలో ఉన్న సమస్యను మనం దానిమ్మకాయలు, బీట్‌రూట్ రసంతో తీర్చాలని చూస్తాం. బీట్‌రూట్ ఎర్రగా ఉన్నంత మాత్రాన రక్తం పట్టదు. అందులో ఐరన్ చాలా తక్కువ.

సీబీపీ అనే రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ తక్కువ అని వస్తే ఆ ఒక్క అంకె చూసి ఐరన్ మొదలుపెట్టొద్దు. అదే కాగితం మీద ఎంసీవీ అని ఒక అంకె ఉంటుంది, ఎర్ర రక్తకణం సగటు పరిమాణం అది. ఐరన్ లోటులో కణం చిన్నదవుతుంది, బి12 లేదా ఫోలిక్ లోటులో పెద్దదవుతుంది. రెండూ కలిసి ఉంటే సగటు మామూలుగా కనిపించి మోసం చేస్తుంది. ఒంట్లో దాచుకున్న ఐరన్ ఎంతో చెప్పే పరీక్ష ఫెరిటిన్. జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఫెరిటిన్ పెరుగుతుంది కాబట్టి జ్వరంలో చేయించిన పరీక్షను నమ్ముకోకూడదు.

ఎంసీవీ బాగా తక్కువ, ఫెరిటిన్ మాత్రం బాగానే ఉందనుకోండి. అప్పుడు తలసీమియా జన్యువు మోస్తున్నారేమో చూడాలి. దానికి హిమోగ్లోబిన్ రకాలను వేరుచేసి చూసే పరీక్ష ఉంది. అలాంటివాళ్లకు ఐరన్ ఎన్నాళ్లు ఇచ్చినా హిమోగ్లోబిన్ పెరగదు, అక్కర్లేని ఐరన్ ఒంట్లో పేరుకుంటుంది. పెళ్లీడు పిల్లలకైతే ఈ పరీక్ష మరింత ముఖ్యం. భార్యాభర్తలిద్దరూ ఆ జన్యువు మోస్తుంటే పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు తీవ్రమైన తలసీమియా వచ్చే అవకాశం ఉంది.

ఇక ఎందుకు తక్కువైంది అన్న ప్రశ్న. పాతికేళ్ల అమ్మాయికి నెలసరి, కాన్పులు, తిండి కారణం కావచ్చు. యాభై ఐదేళ్ల మగవాడికి ఐరన్ తగ్గితే అది ఎక్కడో కారిపోతోందని అర్థం. మొలలు కావచ్చు, నొప్పుల మాత్రలతో కడుపులో పుండు కావచ్చు, పెద్దపేగులో క్యాన్సర్ కూడా కావచ్చు. ముట్లుడిగిన స్త్రీకీ అంతే. ఐరన్ మాత్రతో హిమోగ్లోబిన్ పెంచుకుని సంతోషిస్తూ కూర్చుంటే, తొలిదశలో దొరకాల్సిన జబ్బు చేయి దాటిపోతుంది. మన ఇళ్లలో నాన్నలు, బాబాయిలు డాక్టరు దగ్గరకు వెళ్లడానికి మొరాయిస్తారు. ఈ ఒక్క విషయంలో వాళ్ల మాట వినొద్దు.

మాత్ర వాడే పద్ధతి మీదే సగం ఫలితం ఆధారపడి ఉంటుంది. టీ, కాఫీలకు గంట, రెండు గంటలు ఎడం పెట్టాలి. పాలతోనూ, కాల్షియం మాత్రతోనూ కలిపి వేసుకోకూడదు. నిమ్మరసం, జామకాయ, ఉసిరి లాంటివి తోడైతే ఐరన్ బాగా పడుతుంది. మలం నల్లగా వస్తుంది, భయపడనక్కర్లేదు. కడుపులో తిప్పుతుంటే, మలబద్ధకం వేధిస్తుంటే మాత్ర మానేయకుండా డాక్టరును అడిగి రోజు విడిచి రోజు వేసుకోవచ్చు. ఐరన్ మాత్ర వేసుకున్నాక ఒక రోజు పాటు పేగు ఐరన్‌ను తక్కువగా తీసుకుంటుంది, అందువల్ల ఎడం ఇవ్వడం వల్ల పెద్ద నష్టం ఉండదు. హిమోగ్లోబిన్ మామూలు స్థాయికి వచ్చాక కూడా దాదాపు మూడు నెలలు వాడితేనే నిల్వలు నిండుతాయి. చాలామంది అక్కడే ఆపేసి, ఏడాది తిరిగేలోపు మళ్లీ మొదటికొస్తారు. డబ్బా మాత్రం పిల్లలకు అందని చోట పెట్టండి. రంగు మాత్రలు చాక్లెట్లనుకుని చిన్నపిల్లలు గుప్పెడు మింగితే ప్రాణం మీదకు వస్తుంది.

గర్భిణులకు ఏఎన్‌ఎం ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్, 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటాయి. ఉచితంగా ఇచ్చేది కాబట్టి నాసిరకం అనుకుని పక్కన పడేసి, మూడొందలు పెట్టి అందమైన సీసా కొనుక్కునేవాళ్లున్నారు. ఆ సీసా మీద ఐరన్ ఎంతుందో చూసి పోల్చండి. ఫోలిక్ యాసిడ్ సంగతి ఇంకొంచెం ముందే మొదలవ్వాలి. బిడ్డ వెన్నుపాము, మెదడు ఏర్పడే నాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుపోతుంది. అప్పటికి చాలామందికి నెల తప్పిన సంగతే తెలియదు. అందుకే పిల్లలు కావాలనుకున్నప్పుడే, కనీసం నెల ముందు నుంచి రోజుకు 400 మైక్రోగ్రాములు మొదలుపెట్టాలి. మొదటి బిడ్డకు వెన్నుపాము లోపం ఉన్నవాళ్లు, మూర్ఛ మందులు వాడేవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు డాక్టరును అడగాలి, వాళ్లకు మోతాదు వేరుగా ఉండొచ్చు. లోటు ఉందో లేదో చూడకుండా వేసుకోవాల్సిన కొద్దివాటిలో, పిల్లల కోసం చూస్తున్న స్త్రీలకు ఈ ఫోలిక్ యాసిడ్ ఒకటి.

డి సాషే, కాల్షియం మాత్ర

విటమిన్ డి సాషే చింపి పాలల్లో కలుపుకోవడం ఇప్పుడు ఇంటింటా కనిపిస్తోంది. అందులో ఉండేది 60,000 యూనిట్లు. వారానికొకటి చొప్పున ఆరు, ఎనిమిది వారాలని డాక్టరు రాస్తారు. అది లోటు పూడ్చే మోతాదు. వారానికి 60,000 అంటే రోజుకు ఎనిమిదిన్నర వేలు. మామూలు పెద్దవాళ్లకు రోజుకు కావాల్సింది 600, పైహద్దు 4,000. ఎనిమిది వారాలు అయ్యాక కూడా షాపులో అడిగి తెచ్చుకుని ఏడాది పొడుగునా వాడేవాళ్లున్నారు. వారానికొకటి అన్నది వినపడక రోజూ వేసుకునేవాళ్లూ ఉన్నారు. మోకాళ్ల నొప్పులని వెళితే ఆరు లక్షల యూనిట్ల ఇంజెక్షన్ పొడిచి పంపేవాళ్లూ ఉన్నారు. సి, బి విటమిన్ల మాదిరిగా డి మూత్రంలో సులువుగా పోదు. కొవ్వులో నిలవ ఉంటుంది. మితిమీరితే రక్తంలో కాల్షియం పెరిగి వాంతులు, విపరీతమైన దాహం, మలబద్ధకం, మతి తప్పడం, కిడ్నీ దెబ్బతినడం దాకా పోతుంది. ఇంట్లో పెద్దావిడ ఉన్నట్టుండి తికమకగా మాట్లాడుతుంటే వయసు వల్ల అనుకునే ముందు, దిండు కింద సాషేలు ఎన్నున్నాయో చూడండి.

డి వేసుకునేటప్పుడు కాస్త నూనె, నెయ్యి ఉన్న భోజనం తర్వాత వేసుకుంటే బాగా ఒంటబడుతుంది. కోర్సు అయ్యాక ఏం చెయ్యాలో, తక్కువ మోతాదు కొనసాగించాలో లేదో డాక్టరును ఆ రోజే అడిగి చీటీ మీద రాయించుకోండి.

కాల్షియం స్ట్రిప్ మీద పెద్దక్షరాల్లో 1250 మిల్లీగ్రాములు అని ఉంటుంది. కింద సన్నటి అక్షరాల్లో అసలు కాల్షియం 500 అని ఉంటుంది. 1250 అనేది కాల్షియం కార్బొనేట్ బరువు. ఐరన్ మాత్రలకూ అంతే. సన్న అక్షరాల్లో ఉన్న అసలు మూలకం ఎంతో అదే మీకు లెక్క. ఒక విడతకు 500కు మించి పేగు సరిగ్గా తీసుకోలేదు, కాబట్టి వెయ్యి కావాలంటే రెండు పూటలు చెయ్యాలి. కార్బొనేట్ రకం తిన్న తర్వాతే వేసుకోవాలి. గ్యాస్ మాత్ర వాడేవాళ్లకు సిట్రేట్ రకం మేలు. అసలు మాత్ర అవసరమా అన్నది ముందు వంటింట్లో తేల్చుకోండి. పెద్దవాళ్లకు రోజుకు వెయ్యి మిల్లీగ్రాములు కావాలి. వంద గ్రాముల రాగుల్లో 350 దాకా ఉంటుంది, పెద్ద గ్లాసు పాలలో మూడొందలు. రాగి జావ, రెండు పూటలా పెరుగు, నువ్వుల చిమ్మిలి, ముల్లుతో తినే చిన్న చేపలు తినే ఇంట్లో కాల్షియం మాత్రకు పెద్దగా చోటు మిగలదు. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు డాక్టరును అడగకుండా కాల్షియం, విటమిన్ సి మాత్రలు రెండూ ముట్టుకోవద్దు.

థైరాయిడ్ మాత్ర వాడేవాళ్లకు ప్రత్యేకంగా ఒక మాట. కాల్షియం, ఐరన్ రెండూ ఆ మాత్రను పేగులో పట్టేసుకుంటాయి. నాలుగు గంటల ఎడం కావాలి. పొద్దున ఆరింటికి థైరాయిడ్ మాత్ర, మధ్యాహ్నానికి ముందు ఐరన్, రాత్రి భోజనంతో కాల్షియం అని పెట్టుకుంటే సరిపోతుంది. మోతాదు పెంచుతున్నా థైరాయిడ్ పరీక్షలో టీఎస్‌హెచ్ దిగడం లేదని బాధపడేవాళ్లలో కొందరు ఈ మూడూ ఒకేసారి మింగుతుంటారు.

జుట్టు రాలుతోందని బయోటిన్ పది మిల్లీగ్రాముల మాత్రలు వాడుతున్నవాళ్లు రక్తపరీక్షకు ముందు ఆ సంగతి చెప్పాలి. థైరాయిడ్ పరీక్షలు, గుండెపోటును పట్టిచ్చే ట్రోపోనిన్ పరీక్ష కొన్ని యంత్రాల మీద తప్పుగా వస్తాయి. 2017లోనే అమెరికా ఆహార, ఔషధ సంస్థ దీనిపై హెచ్చరించింది. జుట్టు రాలిన ప్రతిసారీ విటమిన్ లోటే కారణం కాదు. డెంగీ, టైఫాయిడ్ వచ్చి తగ్గిన రెండు మూడు నెలలకు జుట్టు కుచ్చులుగా రాలడం మామూలే, చాలామందికి దానంతటదే తిరిగి వస్తుంది.

మూలికలూ మందులే

మూలికలకు దుష్ఫలితాలు ఉండవన్న నమ్మకం మనలో గట్టిగా పాతుకుపోయింది. కొవిడ్ రోజుల్లో తిప్పతీగ కషాయం రోజూ తాగిన కొందరిలో కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబై వైద్యులు 2021లో ప్రచురించారు. అశ్వగంధ మాత్రలతో, మిరియాల సారం కలిపిన పసుపు క్యాప్సూల్స్‌తో కూడా కాలేయం చెడిన కేసులు పలు దేశాల్లో నమోదయ్యాయి. పప్పులో వేసే చిటికెడు పసుపుకు, ఘనసారం తీసి గట్టిపరిచిన క్యాప్సూల్‌కు చాలా తేడా ఉంది. ఇది ఆయుర్వేదం మీద చిన్నచూపుతో చెబుతున్నది కాదు. చదువుకున్న వైద్యుడు నాడి చూసి, మనిషిని చూసి, ఇన్నాళ్లని చెప్పి ఇచ్చే మందు వేరు, ఫోనులో ఎవరో చెబితే తెప్పించుకున్న డబ్బా వేరు. కాలేయ జబ్బు, థైరాయిడ్ ఎక్కువగా పనిచేసే జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు అశ్వగంధ జోలికి పోవద్దు. గుండె కవాటం మార్చుకుని రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్, అసినోకుమరాల్ వాడేవాళ్లు ఏ విటమిన్ అయినా, ఏ మూలిక అయినా గుండె డాక్టరుకు చెప్పకుండా మొదలుపెట్టొద్దు.

డబ్బా మీద ఏం చూడాలి

మందుల షాపులో పక్కపక్కనే ఉన్న రెండు స్ట్రిప్పుల్లో ఒకటి మందు, ఇంకోటి ఆహారం కావచ్చు. మందు మీద ఔషధ తయారీ లైసెన్సు నంబరు ఉంటుంది. రెండో దాని మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు, పద్నాలుగు అంకెల లైసెన్సు నంబరు, వైద్యానికి వాడేది కాదన్న మాట ఉంటాయి. ఆహార సప్లిమెంటుకు జబ్బు నయం చేస్తానని చెప్పుకునే హక్కు చట్టం ఇవ్వలేదు. అలా చెబుతున్న డబ్బా కనపడితే పక్కన పెట్టండి. లోటు రుజువైనప్పుడు మోతాదు ఖచ్చితంగా తెలిసిన మందే కొనండి. ఇరవై నాలుగు పోషకాలు అని రాసి ఐరన్ ఐదు మిల్లీగ్రాములు పెట్టిన మాత్ర రక్తహీనత ఉన్న అమ్మాయికి ఎందుకూ చాలదు.

అమెరికా నుంచి అబ్బాయి తెచ్చిన మూడొందల మాత్రల డబ్బా చాలా ఇళ్లలో ఫ్రిజ్ పైన ఉంటుంది. అది యాభై దాటినవాళ్ల కోసం చేసినదైతే అందులో సాధారణంగా ఐరన్ ఉండదు, ఆ వయసులో ఎక్కువమందికి అక్కర్లేదు కాబట్టి. అత్తగారి డబ్బాలోంచి కోడలు రోజూ ఒకటి వేసుకుంటూ రక్తం పడుతుందని ఎదురుచూస్తుంటుంది. విటమిన్ ఎ కూడా చూసుకోవాలి. రోజుకు పదివేల యూనిట్లు దాటితే గర్భంలోని బిడ్డకు హాని. రెండు మూడు డబ్బాలు కలిపి వాడితే ఆ హద్దు తెలియకుండానే దాటిపోవచ్చు. చేపనూనె క్యాప్సూల్ మీద వెయ్యి మిల్లీగ్రాములని ఉన్నా, పనికొచ్చే ఇపిఎ, డిహెచ్‌ఎ కొవ్వులు కలిపి సాధారణంగా మూడొందలే ఉంటాయి. ప్రొటీన్ పొడికీ ఇదే చూపు కావాలి. ఒక చెంచాకు ఎన్ని గ్రాముల ప్రొటీన్, ఎంత చక్కెర, పదార్థాల వరుసలో మొదట ఏముంది అని చూడండి. అరవై కిలోల మనిషికి రోజుకు యాభై గ్రాముల ప్రొటీన్ చాలు. పప్పు, పెరుగు, గుడ్డు, శనగలు తినే ఇంట్లో అది కష్టం కాదు. కిడ్నీ జబ్బున్నవాళ్లు డాక్టరును అడగకుండా పొడి జోలికి పోకూడదు.

కంచంలో ఏముందో చూసుకోకపోవడం మనకు కొత్త కాదు, దాని ఫలితమూ కొత్త కాదు. వందేళ్ల కిందట ఉత్తర సర్కారు జిల్లాల్లో బెరిబెరి పీడించేది. పచ్చి బియ్యాన్ని మరలో తెల్లగా పట్టించి తినేవాళ్లకే అది ఎక్కువ వచ్చేది. ఉప్పుడు బియ్యం తినేవాళ్లు తప్పించుకునేవారు, ఉడకబెట్టినప్పుడు తవుడులోని బి1 గింజలోకి ఇంకుతుంది కాబట్టి. ఆ జబ్బు మీద 1918లో కూనూరులో రాబర్ట్ మెకారిసన్ మొదలుపెట్టిన చిన్న పరిశోధన కేంద్రమే 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ అదే. అన్నం మార్చితే పోయే లోటుకు మాత్ర వెతుక్కోనక్కర్లేదు.

మాత్ర తప్పదని తేలినప్పుడు స్ట్రిప్ వెనక పెన్నుతో మూడు సంగతులు రాయండి: ఎందుకు, ఎప్పుడు మొదలు, ఎప్పుడు ఆపాలి. ఎప్పుడు ఆపాలో తెలియకపోతే మొదలుపెట్టే ముందే అడగండి. మళ్లీ పరీక్ష ఎప్పుడో అందులోనే ఉంటుంది. ఐరన్ అయితే నెలకు సీబీపీ, డి అయితే కోర్సు అయిన రెండు మూడు నెలలకు. నెల గడిచినా హిమోగ్లోబిన్ కదలకపోతే మోతాదు పెంచడానికి ముందు కారణం మళ్లీ వెతకాలి.

డాక్టరు దగ్గర "ఏమేం మందులు వాడుతున్నారమ్మా?" అని అడిగితే "బీపీదీ, షుగర్‌దీ, అంతేనండి" అంటాం. పొద్దుటి కషాయం, కొడుకు పంపిన చేపనూనె, పక్కింటావిడ ఇచ్చిన మోకాళ్ల పొడి మందులని మనకు అనిపించవు. అందుకే నోటితో చెప్పే పని పెట్టుకోకుండా ఇంట్లో ఉన్న స్ట్రిప్పులు, సీసాలు, పొడులు అన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లి బల్ల మీద పెట్టండి. ఆపరేషన్ ఉంటే కనీసం రెండు వారాల ముందే పెట్టండి, మత్తు డాక్టరుకు కూడా చూపించండి. ఏది ఉంచాలో, ఏది ఆపాలో వాళ్ల చేతనే ఒక్కొక్కటీ వేరుచేయించి, ఆపమన్నవి ఆ రోజే పారేయండి.